పగడాల మీద మోకాళ్లు ఆనించి ఫోటోలా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పర్యాటక పేజీలో అండమాన్ దీవుల మీద వచ్చిన వ్యాసం చదివాం. హావ్‌లాక్‌లో, అంటే 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన దీవిలో, స్కూబా డైవింగ్ గురించి రాసిన భాగం చదివితే ఎవరికైనా వెళ్లాలనిపిస్తుంది. వెళ్లాలి కూడా. ఈ ఉత్తరం ఆ వ్యాసం గురించి కాదు, దాని పక్కన పెద్దగా వేసిన రంగుల ఫోటో గురించి.

ఫోటోలో ఒక యువతి మాస్కులోంచి నవ్వుతూ కెమెరా వైపు చూస్తోంది. కుడిచేతి బొటనవేలు పైకెత్తి చూపిస్తోంది. ఎడమచేత్తో ఒక కొమ్మల పగడాన్ని గట్టిగా పట్టుకుంది. మోకాళ్లు రెండూ గుండ్రటి బండలాంటి దాని మీద ఆనాయి. నడుము పక్కన పసుపు పైపు ఒకటి కిందికి వేలాడుతోంది, దాని చివర నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ రెండు కొమ్మల సందులో ఇరుక్కుంది. ఈదడానికి కాళ్లకు తొడుక్కున్న ఫిన్స్ వెనకాల ఇసుక పొగలా లేచింది. చూసేవాళ్లకు అందమైన జ్ఞాపకంలా ఉంటుంది. సముద్రంలో డైవింగ్ నేర్పేవాళ్లం, నీళ్ల అడుగున ఫోటోలు తీసేవాళ్లం కొందరం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మాకు ఆ ఒక్క ఫోటోలో ఐదు తప్పులు కనిపించాయి. వాటిలో ఏదీ ఆ అమ్మాయి తప్పు కాదు. ఆమెకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, అంతే.

ముందు ఆ బొటనవేలు సంగతి. నీళ్లలో బొటనవేలు పైకెత్తితే ‘సూపర్’ అని కాదు, ‘పైకి పోదాం, డైవ్ ఆపేద్దాం’ అని అర్థం. ‘బాగానే ఉన్నాను’ అని చెప్పాలంటే బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి సున్నా చుట్టాలి. ఏదైనా తేడాగా ఉంటే అరచేతిని కిందికి బోర్లించి అటూ ఇటూ ఊపి, తర్వాత ఆ తేడా ఎక్కడుందో, చెవా, మాస్కా, వేలితో చూపాలి. ఒడ్డున ఐదు నిమిషాలు కేటాయిస్తే వచ్చే పాఠం ఇది. ఇదే చెప్పకుండా నీళ్లలోకి దించారంటే మిగతావి ఎంతవరకు చెప్పి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇక ఆ బండ. అది బండ కాదు, ప్రాణమున్న పగడం. పోరైటిస్ జాతి గుండ్రటి పగడాలు ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. మనిషి మోకాళ్లు రెండూ ఆన్చగలిగేంత పెద్దదంటే, మన తాతల కాలంలో మొదలై ఉంటుంది. దాని మీద సన్నగా చుక్కల్లా కనిపించే ప్రతి గుంటలోనూ ఒక మెత్తటి జీవి ఉంటుంది. దాన్ని పాలిప్ అంటారు. దాని ఒంట్లో శైవలాలు, అంటే కంటికి కనపడనంత చిన్న నాచు జీవులు, కాపురముంటాయి. అవి ఎండతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి, దాని రంగు కూడా ఎక్కువగా వాటి వల్లే వస్తుంది. ఈ మొత్తానికి పైన పల్చటి జిగురు పొర ఒక్కటే రక్షణ. మోకాలు ఆనగానే ఆ జిగురు ఊడిపోతుంది, మెత్తటి ఒళ్లు కింద ఉన్న దాని సొంత సున్నపు గూటికే ఒత్తుకుని చితుకుతుంది. అప్పటికప్పుడు ఏమీ కనిపించదు. కొన్నాళ్లకు అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది, దాని మీద నాచు పేరుకుంటుంది, రోగం పట్టిందంటే చుట్టూ పాకుతుంది. కొమ్మల పగడాలు వేగంగా పెరుగుతాయి, పరిస్థితులు బాగుంటే ఏడాదికి 10 సెంటీమీటర్లు దాటతాయి కూడా. అయితే అవి విరగడమూ అంతే సులువు. చెయ్యి వేసి బరువు మోపితే చాలు.

అండమాన్ పగడాలు ఇప్పటికే చాలా దెబ్బలు తిన్నాయి. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్ వైపు నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీళ్లపైకి వచ్చి ఎండిపోయాయి. 2010 ఎండాకాలంలో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారాయి. శైవలాలను వదిలేసి ఆకలితో ఉన్న పగడం అలా కనిపిస్తుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం ఇది నాలుగోసారి అని ప్రకటించింది. సముద్రం వేడిని హావ్‌లాక్ వెళ్లే పర్యాటకుడు తగ్గించలేడు. తన మోకాళ్లను మాత్రం తన అదుపులో పెట్టుకోగలడు.

మరి ఆ అమ్మాయి పగడాన్ని ఎందుకు పట్టుకుంది? నీళ్లలో నిలకడగా ఉండడం రాకపోవడం వల్ల. ఒక్కరోజు సరదా డైవ్‌కి వచ్చినవాళ్లు భయంతో గట్టిగా ఊపిరి పీలుస్తారు, ఊపిరితిత్తులు నిండి పైకి తేలిపోతుంటారు. అలా తేలకుండా చాలాచోట్ల బెల్టుకు రెండు మూడు కిలోల సీసం ఎక్కువ కడతారు. దాంతో మనిషి రాయిలా అడుగుకు దిగుతాడు. అక్కడ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఏదో ఒకటి పట్టుకోమని, ఫోటో తీస్తారు. ప్యాకేజీలో ‘ఫోటోలు, వీడియో ఉచితం’ అని ఉంటుంది కాబట్టి ఆ పని ముందు కావాలి. ఆ ఉచితానికి మూల్యం చెల్లించేది పగడమే.

తేలడం నేర్పితే ఈ గొడవ ఉండదు. అందుకే మా మాట ఒక్కటే: నీళ్ల మధ్యలో, ఏదీ పట్టుకోకుండా, ఒక నిమిషం కదలకుండా నిలబడగలిగేదాకా ఎవరి చేతికీ కెమెరా ఇవ్వకూడదు. ఎవరినీ దిబ్బకు దగ్గరగా తీసుకెళ్లి ఫోటో తీయకూడదు. సరదా డైవ్‌కి వచ్చినవాళ్లను దిబ్బ అంచున ఖాళీ ఇసుక మీద ఉంచి, నేర్పే మనిషి వెనకనుంచి సిలిండర్ పట్టుకుని నడిపిస్తే సరిపోతుంది. చేపలు అక్కడికీ వస్తాయి.

నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ తేలడం గురించి కాస్త వివరంగా చెప్తాం, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

ముందు సీసం ఎంత కట్టాలో చూసుకోవాలి. సామానంతా వేసుకుని, కాళ్లు అందని నీళ్లలో నిటారుగా నిలబడి, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోంచి గాలి పూర్తిగా వదిలేసి, మామూలుగా ఒక ఊపిరి తీసుకుని ఆపాలి. నీటి మట్టం కళ్ల దగ్గర ఉంటే బరువు సరిపోయినట్టు. ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. ఊపిరి లోపల ఉండగానే మునిగిపోతే సీసం ఎక్కువైంది. ఊపిరి ఆపడం ఈ పరీక్షలో, నీటి పైన మాత్రమే, కిందికి దిగాక ఎప్పుడూ కాదు. ఇందులో ఒక మెలిక ఉంది. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్‌లో 11 లీటర్ల చోటు, 200 బార్ల (సుమారు 200 వాతావరణ పీడనాల) ఒత్తిడిలో గాలి ఉంటుంది. ఆ గాలి బరువే రెండున్నర కిలోల పైమాట. డైవ్ అయ్యేసరికి అందులో దాదాపు రెండు కిలోలు పీల్చేసి ఉంటాం, సిలిండర్ తేలికై పైకి లాగుతుంది. అందుకని నిండు సిలిండర్‌తో ఈ పరీక్ష చేస్తే, తర్వాత రెండు కిలోలు కలుపుకోవాలి. కలుపుకోకపోతే చివర్లో 5 మీటర్ల దగ్గర భద్రత కోసం ఆగాల్సిన మూడు నిమిషాలు ఆగలేక పైకి తేలిపోతారు.

జాకెట్‌లో గాలి కొద్దికొద్దిగా నింపాలి. బటన్ ఒక్కసారి టక్కున నొక్కి వదిలి, రెండు మూడు ఊపిర్లు తీసి, ఏమవుతుందో చూసి, కావాలంటే మళ్లీ నొక్కాలి. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి, పైన లీటరున్న గాలి 10 మీటర్ల లోతులో అరలీటరవుతుంది. దిగుతుంటే జాకెట్ చప్పబడి ఇంకా వేగంగా దిగుతారు, ఎక్కుతుంటే ఉబ్బి ఇంకా వేగంగా ఎక్కుతారు. ఈ మార్పు పై 10 మీటర్లలోనే అన్నిటికన్నా ఎక్కువ. కొత్తవాళ్లను తిప్పేది సరిగ్గా ఆ లోతులోనే, అందమైన పగడాలు ఉండేదీ అక్కడే. కష్టం, నష్టం రెండూ ఒకచోటే ఉన్నాయి.

చిన్న సర్దుబాట్లకు జాకెట్ అక్కర్లేదు, ఊపిరి చాలు. అరలీటరు గాలి ఎక్కువ పీలిస్తే అరకిలో తేలుడు పెరుగుతుంది. అయితే శరీరం కదలడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఈ ఆలస్యం అర్థం కాక కొత్తవాళ్లు పీల్చిన వెంటనే పైకి రాలేదని ఇంకా పీలుస్తారు, తర్వాత ఒక్కసారిగా లేచిపోతారు. పగడపు దిబ్బ మీదికి వెళ్లేముందే ఊపిరి తీసుకుని ఎత్తు పెంచుకోవాలి, దాని మీదికి వచ్చాక కాదు. శరీరం బోర్లా, అడ్డంగా ఉండాలి. మోకాళ్లు వంచి పాదాలు పైకి పెట్టి, కప్పలా కాళ్లు పక్కలకు తోసి ఈదితే ఇసుక లేవదు. సైకిలు తొక్కినట్టు కిందికి కొడితే లేచిన ఇసుక వెళ్లి పగడం మీద పడుతుంది. పాలిప్ దాన్ని దులుపుకోవడానికి ఉన్న శక్తంతా ఖర్చు పెట్టుకోవాలి. వేలాడే పసుపు పైపు ఎవరికైనా గాలి అయిపోతే ఇచ్చే అదనపు రెగ్యులేటర్‌ది. డైవర్లు దాన్ని ఆక్టోపస్ అంటారు. దాన్నీ, గాలి చూపే గేజ్‌నీ ఛాతీకి దగ్గరగా క్లిప్పు పెట్టుకోవాలి. మీ ఫోటోలో కొమ్మల్లో ఇరుక్కున్నది అదే. పగడం మాటెలా ఉన్నా, ఇసుక నిండిన రెగ్యులేటర్ అవసరానికి సరిగా పనిచేయకపోవచ్చు.

ఇదంతా ఒక్క పూటలో రాదు. ఓపెన్ వాటర్ కోర్సుకు మూడు నాలుగు రోజులు పడుతుంది, సముద్రంలో నాలుగు డైవులుంటాయి, 18 మీటర్ల దాకా దిగడానికి అర్హత వస్తుంది. థియరీ, స్విమ్మింగ్ పూల్ పాఠాలు ఇంటి దగ్గరే పూర్తిచేసి, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవులు మాత్రం అండమాన్‌లో చేసే పద్ధతి కూడా ఉంది. సెలవులు తక్కువున్న ఉద్యోగులకు ఇదే మంచిది, దీవిలో మొదటి రోజునుంచే దిబ్బ చూడొచ్చు. డిసెంబరునుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. నైరుతి రుతుపవనాలు వచ్చాక అలలు పెరుగుతాయి, చాలా పడవలు బయటికి పోవు.

ఇప్పుడు కెమెరా. నేల మీద ఫోటోలు బాగా తీసేవాళ్లకే నీళ్లలో ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే చెయ్యి కదలకుండా ఉండాలని ఊపిరి బిగబట్టడం వాళ్లకు అలవాటు. స్కూబాలో అన్నిటికన్నా పెద్ద నియమం ఊపిరి బిగబట్టకూడదన్నది. నిండుగా పీల్చి బిగబట్టి మీటరో మీటరున్నరో పైకి లేచినా చాలు, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తి చిరగొచ్చు, గాలి బుడగ రక్తంలోకి పోయి మెదడుకు చేరొచ్చు. బిగబడితే పైకి లేస్తారు, లేస్తే వ్యాకోచిస్తుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి తను లేచిన సంగతి తెలియదు. నెమ్మదిగా ఊపిరి వదులుతూ వదులుతూ బటన్ నొక్కడం అలవాటు చేసుకోవాలి. బుడగలు వెళ్లాక చేప మళ్లీ తల బయటపెడుతుంది, అప్పుడు ఇంకొకటి తీసుకోవచ్చు.

రెండో ప్రమాదం గేజ్ చూడకపోవడం. 10 మీటర్ల దగ్గర పైన పీల్చేదానికి రెట్టింపు గాలి ఖర్చవుతుంది, 20 మీటర్ల దగ్గర మూడు రెట్లు. ఫోటో మీద ధ్యాస పడితే పది నిమిషాలు ఇట్టే గడుస్తాయి. ఐదేసి ఫోటోలకొకసారి గేజ్, లోతు, జంటగా వచ్చిన మనిషి, ఈ మూడూ చూసుకోవాలి. 50 బార్లు మిగిలి ఉండగానే పడవ దగ్గర నీటి పైకి వచ్చేలా లెక్క వేసుకోవాలి. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు మించకూడదు.

ఫోటోలు నీలంగా వచ్చాయని అందరూ బాధపడతారు. కెమెరా తప్పు కాదు. నీళ్లు ఎరుపును మొదటి 5 మీటర్లలోనే చాలావరకు మింగేస్తాయి, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు పోతాయి. పైనుంచి దిగే దూరమే కాదు, మనకూ చేపకూ మధ్యనున్న దూరం కూడా ఇందులో కలుస్తుంది. అందుకని మొదటి సూత్రం దగ్గరికి వెళ్లడం. మీటరు లోపు ఉంటేనే రంగు, స్పష్టత వస్తాయి. జూమ్ చేస్తే మధ్యలోని నీళ్లు, దుమ్ము అలాగే ఉంటాయి. కానీ దగ్గరికి వెళ్లాలంటే తేలడం రావాలి. ఏ దారిన పోయినా అక్కడికే చేరుతున్నాం.

ఫ్లాష్ లేనివాళ్లు తెల్లటి ప్లాస్టిక్ పలకనో ఇసుకనో చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే అమరిక) చేత్తో సెట్ చేసుకోవాలి, మూడు నాలుగు మీటర్లు లోతు మారినప్పుడల్లా మళ్లీ చేయాలి. ఎర్ర ఫిల్టర్ 5నుంచి 20 మీటర్ల మధ్య, ఎండ వెనకనుంచి పడుతున్నప్పుడు పనికొస్తుంది. ఫిల్టర్ పెట్టి ఫ్లాష్ కూడా వేస్తే దగ్గరున్నవన్నీ ఎర్రగా వస్తాయి, ఈ తప్పు చాలామంది చేస్తారు. ఫ్లాష్ వాడేవాళ్ల బాధ వేరు: ఫోటో నిండా తెల్లటి చుక్కలు, మంచు కురిసినట్టు. లెన్స్ ముందున్న నీళ్లలోని నలుసుల మీద కాంతి పడి తిరిగి వస్తుంది. కెమెరాకే అంటుకుని ఉన్న ఫ్లాష్‌తో ఇది తప్పదు. కెమెరానుంచి వేరుగా ఉండే ఫ్లాష్‌లు, అంటే స్ట్రోబులు, ఉంటే వాటిని చేతులు చాచినట్టు దూరంగా, లెన్స్ కన్నా కాస్త వెనక్కి, కొంచెం బయటి వైపు తిప్పి పెట్టాలి. కాంతి అంచు మాత్రమే చేపకు తగలాలి, మధ్యలోని నీళ్లకు కాదు.

అంకెలు కావాలంటే, దిబ్బ మొత్తం కనిపించే వైడ్ ఫోటోకి అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 8, షట్టర్ వేగం సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 200తో మొదలుపెట్టొచ్చు. వెనకున్న నీలం ముదురు కావాలంటే షట్టర్ వేగం పెంచాలి, లేత కావాలంటే తగ్గించాలి. చిన్న పీతలు, సముద్రపు నత్తల మాక్రో ఫోటోలకు ఎఫ్ 16, సెకనులో 200వ వంతు, ఐఎస్ఓ 100. పైనుంచి కిందికి తీస్తే ఏ చేపైనా రాళ్లలో కలిసిపోతుంది. దాని కళ్ల మట్టానికి దిగి కొద్దిగా పైకి తీయాలి. అలా దిగడానికి కింద ఇసుక ఉంటేనే దిగాలి. పగడం ఉంటే ఆ ఫోటో వదిలేసుకోవాలి. వదిలేసుకోవడం తెలియని మనిషి ఎంత మంచి ఫోటోలు తీసినా మా దృష్టిలో ఫోటోగ్రాఫర్ కాదు.

కెమెరాల్లోకి నీళ్లు పోవడం ఈ దీవుల్లో రోజూ జరిగేదే, పది సందర్భాల్లో తొమ్మిదింటికి కారణం ఓ-రింగ్ దగ్గర నిర్లక్ష్యం. కెమెరాను నీళ్లనుంచి కాపాడే పెట్టె, అంటే హౌసింగ్, మూత చుట్టూ ఉండే ఆ రబ్బరు చుట్టు మీద ఒక్క తలవెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉంటే చాలు. దాన్ని వేళ్లతోనో ప్లాస్టిక్ పుల్లతోనో తీయాలి, సూదితో తీస్తే గీత పడుతుంది. వేళ్ల మధ్య నెమ్మదిగా లాగుతూ పోతే నలుసు చేతికి తగులుతుంది. కూర్చునే గాడిని కూడా తుడవాలి. ఆ రబ్బరుకు తయారీదారు చెప్పిన గ్రీజు మాత్రమే, రబ్బరు మెరిసేంత పల్చగా రాయాలి. గ్రీజు నీళ్లను ఆపదు, ఆపేది రబ్బరే. గ్రీజు దండిగా పూస్తే ఇంకాస్త ఇసుక అంటుకుంటుంది. ఈ పని ముందురోజు రాత్రి గదిలో చేసుకోవాలి, ఊగే పడవలో తడి జుట్టు నీళ్లు కారుతుండగా కాదు. తేమ గాలిలో మూస్తే నీళ్లలో చల్లబడ్డాక లోపల ఆవిరి పడుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టి, ఏసీ గదిలోని పొడి గాలిలోనే మూసుకోవాలి.

నీళ్లలోకి దిగేముందు మంచినీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. లీకయ్యేది ఎక్కువగా మొదటి మూడు నాలుగు మీటర్లలోనే. ఇంకా లోతుకు పోతే నీటి ఒత్తిడే మూతను బిగిస్తుంది. లోపల నీళ్లు కనిపిస్తే లెన్స్ వైపు కిందికి తిప్పి పట్టుకుని, మామూలు వేగంతోనే పైకి రావాలి. కెమెరా కోసం పరుగున పైకి వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. డైవ్ అయ్యాక అరగంట మంచినీళ్లలో నానబెట్టి, బటన్లన్నీ నొక్కి నొక్కి వదలాలి. ఉప్పు ఎండి గట్టిపడితే స్ప్రింగులు పట్టేస్తాయి. ఫోన్లకు ఉండే వాటర్‌ప్రూఫ్ రేటింగ్ నిలవున్న మంచినీళ్లలో పరీక్షించింది, సముద్రంలో డైవింగ్‌కు కాదు. గోప్రో హీరో బ్లాక్ కొత్త మోడళ్లు సొంతంగా 10 మీటర్లు, డైవ్ హౌసింగ్‌తో 60 మీటర్లు తట్టుకుంటాయి. ఒలింపస్ టీజీ-6 హౌసింగ్ లేకుండా 15 మీటర్లు. ఆ అంకె కన్నా లోతుకు తీసుకెళ్లి గ్యారంటీ అడిగితే ఎవరూ ఇవ్వరు.

నీళ్లలోని ప్రాణుల గురించి కొద్దిగా. ఎనిమోన్ అనే మెత్తటి సముద్ర జీవిలో దాక్కున్న క్లౌన్ చేపను చేత్తో కదిపి బయటికి రప్పించడం, ఫోటో కోసం పఫర్ చేపను ఆటపట్టించి ఉబ్బించడం, సముద్ర గుర్రాన్ని పుల్లతో తిప్పడం, బిస్కెట్లు బ్రెడ్డు వేయడం, ఇవన్నీ చూస్తున్నాం. ఉబ్బిన పఫర్ చేప నవ్వడం లేదు, చచ్చిపోతానేమో అన్న భయంతో ఉంది. కదలకుండా ఉన్న రాయిలా కనిపించేది రాతిచేప కావొచ్చు, దాని ముళ్ల విషం భరించలేని నొప్పి పెడుతుంది. ఏదీ పట్టుకోకపోవడం మనకూ మంచిదే. టైటాన్ ట్రిగ్గర్ చేప గూడు కాసేటప్పుడు తరుముతుంది. అది కాపలా కాసే చోటు గూటినుంచి పైకి గరాటులా వెడల్పవుతుంది, కాబట్టి పైకి కాదు, అడ్డంగా తప్పుకోవాలి.

చెవుల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడం నీటి పైనే మొదలుపెట్టాలి, దిగుతుంటే అరమీటరుకోసారి చేయాలి. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. వచ్చిందంటే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. జలుబుంటే డైవ్ మానేయాలి. ముక్కులో చుక్కలు వేసుకుని దిగితే, మధ్యలో మందు పని అయిపోయి, పైకి వచ్చేటప్పుడు చెవిలోని గాలి బయటికి రాక ఇరుక్కుంటుంది. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం ఉన్నవాళ్లు ఆరోగ్య ఫారంలో నిజం రాయాలి. డబ్బు కట్టేశాం కదా అని అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టడం చాలా ప్రమాదం.

ప్యాకేజీలు అమ్మే మన ట్రావెల్ ఏజెంట్లకు ఒక విన్నపం. చివరి రోజు పొద్దున స్కూబా, మధ్యాహ్నం విమానం అని దయచేసి పెట్టకండి. డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి సమయం కావాలి. విమానం లోపలి పీడనం దాదాపు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంత తక్కువ దాకా పడిపోవచ్చు, అప్పుడు నైట్రోజన్ బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినా వరసగా కొన్ని రోజులు చేసినా కనీసం 18 గంటలు ఆగమని డైవింగ్ వైద్యుల సలహా. 24 గంటలు వదిలితే ఇంకా నిశ్చింత. స్కూబాను రెండో రోజో మూడో రోజో పెడితే సరిపోతుంది, పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురంగా పేరు మారింది) వచ్చే ఫెర్రీకి ఈ ఇబ్బంది లేదు. విశాఖలో ఋషికొండ దగ్గర డైవ్ చేసి అదే రోజు అరకు ఘాట్ ఎక్కేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఈ సంగతి చాలామందికి తట్టదు.

డైవ్ బుక్ చేసేటప్పుడు ధర కన్నా ముందు నాలుగు మాటలు అడగండి. నీళ్లలో నేర్పే మనిషి ఒక్కరికి నాతో కలిపి ఎంతమంది ఉంటారు? పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా? ఏదైనా జరిగితే ఒత్తిడి పెంచి ఒంట్లోని బుడగలను తగ్గించే రీకంప్రెషన్ చాంబర్‌కు ఎలా చేరుస్తారు? పడవను నీటి మీద తేలే బోయాకు కడతారా, దిబ్బ మీద లంగరు వేస్తారా? లంగరు ఒక్కసారి ఈడ్చుకుపోతే వందమంది మోకాళ్లు చేసేంత నష్టం చేస్తుంది. దీవుల్లో స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది, మత్స్యకార కుటుంబాలవాళ్లూ ఉన్నారు. పడవ మీద తెలుగు వచ్చినవాళ్లు దొరికే అవకాశం బాగానే ఉంది. అర్థం కాని భాషలో పాఠం విని తలూపకండి, తెలుగులో మళ్లీ చెప్పమని అడగండి.

ఒడ్డున దొరికిన పగడపు ముక్కను జ్ఞాపకంగా బ్యాగులో వేసుకోవడం కూడా నేరమే. దిబ్బలు కట్టే పగడాలన్నీ, విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్ పగడాలు, నల్ల పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. చచ్చిన ముక్క అయినా తేడా లేదు. మన పెళ్లిళ్లలో సూత్రాలకు గుచ్చే ఎర్ర పగడానికీ ఈ దిబ్బలకూ సంబంధం లేదు. పేరొందిన ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో పెరిగే వేరే జాతి. అండమాన్ ముక్క ఇంటికి తెస్తే అది వెలిసిపోయిన సున్నపురాయి మాత్రమే.

సంపాదకుల వారికి చివరిగా ఒక మనవి. మీ పేజీకి మళ్లీ ఇలాంటి ఫోటో వస్తే, అచ్చుకు పంపేముందు మొహం తర్వాత నాలుగు చోట్లు చూడండి: చేతివేళ్లు దేన్ని పట్టుకున్నాయి, మోకాళ్లు దేని మీద ఉన్నాయి, పైపులు ఎక్కడ వేలాడుతున్నాయి, ఫిన్స్ వెనకాల ఇసుక లేచిందా. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇంకో ఫోటో అడగండి. దిబ్బకు రెండు మీటర్ల పైన, చేతులు ముందు ముడుచుకుని, అడ్డంగా తేలుతున్న డైవర్ ఫోటో కావాలంటే మేం పంపిస్తాం, పైకం ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
కొందరు స్కూబా శిక్షకులు, నీటి అడుగు ఫోటోగ్రాఫర్లు,
విశాఖపట్నం